పూల్ పార్లర్‌కి చెప్పులు, లుంగీతో వెళ్తే ఆపొచ్చా? డ్రెస్ కోడ్ ఎక్కడిదాకా చెల్లుతుంది?

"అన్నా, చెప్పులతో లోపలికి పంపం. షూ ఉంటే వేసుకుని రా."

శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వైపు సాయంత్రాలు తిరిగేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. పబ్బుల గేటు దగ్గర ఎప్పటి నుంచో వినిపించేదే. పూల్, స్నూకర్ టేబుళ్లు పెట్టిన లాంజ్‌లలోనూ ఇదే రకం బోర్డు కనిపిస్తే ఏం చేయాలి? షార్ట్స్ వద్దు, చెప్పులు వద్దు, లుంగీ వద్దు, బనియన్ వద్దు. గంటకు ఇంత అని డబ్బులు కట్టి నాలుగు గేమ్‌లు ఆడుకుని వెళ్లిపోయేవాడికి ఈ రూల్ ఎందుకు? పెట్టే హక్కు ఓనర్‌కు ఉందా? ఉంటే ఎంతవరకు?

ఈ ప్రశ్న మిగతా ఏరియాల కంటే ఇక్కడ కాస్త గట్టిగా తగులుతుంది. శ్రీనగర్ కాలనీలో సినిమా ఆఫీసులు ఉంటాయి. ఒకవైపు జూబ్లీహిల్స్ బంగళాలు. ఇంకోవైపు కాస్త దూరంలోనే కృష్ణానగర్, ఇందిరానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ వర్కర్లు, డైరెక్టర్ అవుదామని ఊరి నుంచి వచ్చి గదికి నలుగురు చొప్పున సర్దుకున్న కుర్రాళ్లు, అంతా అక్కడే. పొద్దున్నే షూటింగ్ బస్సు ఎక్కి, రాత్రి పేకప్ అయ్యాక చెప్పులేసుకుని రోడ్డు మీదకు వచ్చేవాళ్లు. అదే రోడ్డు మీద వాళ్ల పక్కనే నిర్మాత కొడుకు కారు కూడా ఆగుతుంది. అతనూ షార్ట్స్‌లోనే ఉండొచ్చు. కాకపోతే ఆ షార్ట్స్ ఖరీదు వేరు.

గేటు దగ్గర మనిషి ఎవరిని ఆపుతాడు, ఎవరికి సలాం కొడతాడు అన్నదే అసలు విషయం.

టేబుల్‌కు కావాల్సిన డ్రెస్ ఏది?

ముందు ఓనర్ల వైపు నుంచి చూద్దాం. ఎందుకంటే వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది.

స్నూకర్ టేబుల్ మామూలు ఫర్నిచర్ కాదు. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గుడ్డ కింద ఉండేది చెక్క కాదు, పలకరాయి. మొత్తం బరువు టన్ను పైమాటే. పైన పరిచేది ఉన్నితో నేసిన గుడ్డ. పూల్ టేబుల్ దీనికంటే చిన్నది కానీ, లోపలి సరుకు దాదాపు అంతే. ఆ గుడ్డ ఒక్కచోట చిరిగినా, గీరుకుపోయినా బంతి దారి తప్పుతుంది. గుడ్డ మార్చాలంటే తెలిసిన మేస్త్రీ రావాలి. ఆ రోజుకి టేబుల్ మీద సంపాదన బంద్.

గుడ్డను పాడుచేసేవి ఏంటి? పెద్ద బెల్టు బకిల్. జీన్స్‌కు ఉండే రాగి బొత్తాలు. చేతి కడియం, లావుపాటి వాచీ, ఉంగరాలు. టేబుల్ మీదకు బాగా వంగి కొట్టేటప్పుడు ఇవన్నీ గుడ్డకో, అంచు చెక్కకో రాసుకుంటాయి. ఇంకోటి చెమట. ఉన్ని గుడ్డకు తడి పడదు, తడిస్తే బంతి నెమ్మదిస్తుంది. చేతుల్లేని బనియన్‌తో చెమటలు కక్కుతూ ఆడొద్దని అంటే అందులో అర్థం ఉంది.

చెప్పుల సంగతీ అంతే. పూల్ బంతి బరువు సుమారు 160, 170 గ్రాములు. గట్టిగా కొడితే టేబుల్ మీంచి ఎగిరి కింద పడుతుంది. కాలి వేలి మీద పడితే తెలుస్తుంది ఆ బరువెంతో. పైగా అందని బంతి కోసం ఒంటికాలి మీద సాగి కొట్టాల్సి వస్తుంది. రూల్ ప్రకారం కనీసం ఒక పాదం నేల మీద ఉండాల్సిందే. హవాయి చెప్పు జారితే మనిషీ పడతాడు, క్యూ కూడా విరుగుతుంది.

ఇప్పుడు ఈ లిస్టును గేటు మీద బోర్డుతో పోల్చి చూడండి. టేబుల్‌కు ఎక్కువ హాని చేసేది జీన్స్, బకిల్ బెల్టు, వాచీ. వాటిని ఏ బోర్డూ ఆపదు! మెత్తటి లుంగీ గుడ్డను ఏమీ చేయదు, దాన్ని మాత్రం ఆపుతుంది. అంటే బోర్డు రాసినప్పుడు ఓనర్ దృష్టిలో ఉన్నది టేబుల్ మాత్రమే కాదు.

మరి ఏముంది దృష్టిలో?

పేరు. ఇమేజ్. దీనికి పాత కథ ఉంది.

ఇంగ్లిష్‌లో పూల్ రూమ్ అనే మాటకు మొదట్లో ఈ ఆటతో సంబంధమే లేదు. గుర్రప్పందేలకు అందరూ కలిసి డబ్బు వేసుకునే చోటును అమెరికాలో అలా పిలిచేవారు. ఒక రేసుకీ ఇంకో రేసుకీ మధ్య కాలక్షేపం కోసం అక్కడ టేబుళ్లు పెట్టారు. పందేల పేరు చివరికి ఆటకు అంటుకుంది. పేరుతో పాటు చెడ్డపేరు కూడా. 1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమా చూసినవాళ్లకు ఆ పొగ, ఆ పందేలు, ఆ మనుషులు గుర్తుండే ఉంటారు. మన దగ్గర కూడా "వాడు స్నూకర్ పార్లర్‌లో తిరుగుతున్నాడంట" అని ఇంట్లో అంటే అది మెచ్చుకోలు కాదు కదా.

స్నూకర్ పుట్టుక పూర్తిగా వేరు. అది మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసర్ మొదలుపెట్టాడని చెబుతారు. తర్వాత 1880ల్లో ఊటీ క్లబ్‌లో రూల్స్ రాసి గోడకు తగిలించారు. ఆఫీసర్ల మెస్, దొరల క్లబ్. అక్కడ డిన్నర్ డ్రెస్ లేకుండా లోపలికి అడుగు పెట్టే పనే లేదు. ఇప్పటికీ టీవీలో పెద్ద స్నూకర్ టోర్నమెంట్లలో ఆటగాళ్లు వెయిస్ట్‌కోటు, బో టైలో కనిపించడానికి మూలం అదే. కొన్ని టోర్నీల్లో ఇప్పుడు కాలర్ టీషర్టులు కూడా వచ్చేశాయి, ఆటకు ఏమీ కాలేదు.

అలా ఒకే రకం టేబుల్ చుట్టూ రెండు పేర్లు పెరిగాయి. ఒకటి దొరల ఆట, ఇంకోటి జులాయిల ఆట. డ్రెస్ కోడ్ పెట్టే పార్లర్ ఓనర్ చేసేది రెండో పేరు చెరిపేసి మొదటి పేరు తగిలించుకోవడం. ఫ్యామిలీలు రావాలి, ఆడపిల్లలు భయం లేకుండా వచ్చి ఆడుకోవాలి, గొడవలు ఉండకూడదు. ఈ కోరికలో తప్పేం లేదు. ఆడవాళ్లు రాలేని పార్లర్ కంటే వచ్చే పార్లర్ మంచిదే. కానీ గొడవ చేసేవాడు షూ వేసుకుని కూడా చేస్తాడు. ఈ ఏరియాలో పబ్బుల బయట తన్నుకున్న వార్తలు మేం తక్కువ రాయలేదు. వాళ్లలో లుంగీ కట్టుకున్నవాళ్లు ఎందరు?

క్లబ్ వేరు, పార్లర్ వేరు

ఇక చట్టం. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఫిలింనగర్ కల్చరల్ సెంటర్, సికింద్రాబాద్ క్లబ్, నిజాం క్లబ్ లాంటివి సభ్యుల క్లబ్బులు. చేరేటప్పుడే రూల్స్‌కు ఒప్పుకుని సంతకం పెడతారు. నచ్చకపోతే జనరల్ బాడీలో మాట్లాడి మార్పించుకోవచ్చు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది, దాని మీద ఈ క్లబ్బులు నిలబడతాయి. క్లబ్బూ సభ్యులూ వేర్వేరు కాదు, సభ్యులు తమకు తామే సేవ చేసుకుంటున్నట్టు లెక్క అన్న వాదనను 2019లో కలకత్తా క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అది పన్నుల కేసే కానీ, తేడా అర్థం కావడానికి పనికొస్తుంది.

రోడ్డు మీద బోర్డు పెట్టి, డబ్బు కట్టిన ఎవరినైనా ఆడించే పార్లర్ అలా కాదు. అది వ్యాపారం. జనం వచ్చే వినోద స్థలం. దానికి రాజ్యాంగంలోని 15(2) అధికరణ వర్తిస్తుంది. దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు, ప్రజా వినోద స్థలాల్లోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదు. చాలా ప్రాథమిక హక్కులు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం ప్రైవేటు ఓనర్‌ను కూడా నేరుగా కట్టడి చేస్తుంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టంలో అయితే వినోదం అన్న మాటకు ఆటలు, క్రీడలు కూడా వస్తాయని స్పష్టంగా రాశారు. అంటరానితనం పేరుతో అక్కడ అడ్డుకుంటే అది నేరం.

కానీ ఆ అయిదు కారణాల్లో డ్రెస్ లేదు. అందుకే "మీ బట్టలు బాలేవు" అని ఆపితే 15(2) నేరుగా పట్టుకోదు. ఓనర్లకు దొరికిన సందు అదే.

అయితే ఆ సందు అనుకున్నంత వెడల్పేమీ కాదు. "తలపై ఏదీ ఉండకూడదు" అని రూల్ పెట్టారనుకోండి. టోపీ పెట్టుకున్న కుర్రాడికి అది డ్రెస్ కోడ్. తలపాగా ఉన్న సిక్కుకు, హిజాబ్ వేసుకున్న అమ్మాయికి అది మతం. ఆడవాళ్లకు ఒక డ్రెస్, మగవాళ్లకు ఒక డ్రెస్ అని రాస్తే ట్రాన్స్‌జెండర్ వ్యక్తి వచ్చినప్పుడు ఏం చేస్తారు? తన జెండర్‌ను దుస్తుల ద్వారా చెప్పుకోవడం భావ ప్రకటన హక్కులో భాగమేనని 2014లో నల్సా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జనానికి అందుబాటులో ఉండే సేవలు, సౌకర్యాల్లో ట్రాన్స్‌జెండర్ల మీద వివక్ష చూపకూడదని 2019 నాటి చట్టం కూడా చెబుతోంది. బోర్డు మీద రాసింది ఒకటే లైన్ అయినా, ఎవరి మీద పడుతుందో దాన్ని బట్టి కేసు మారిపోతుంది.

పంచె కట్టుకున్న జడ్జిని ఆపితే ఏమైంది?

బట్టల కారణంగా ఆపడాన్నే నేరుగా నేరం చేసిన రాష్ట్రం మన పక్కనే ఉంది. 2014 జులైలో మద్రాస్ హైకోర్టు జడ్జి జస్టిస్ హరిపరంధామన్ ఒక పుస్తకావిష్కరణ సభ కోసం చెన్నైలోని తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్‌కు పంచె కట్టుకుని వెళ్లారు. డ్రెస్ కోడ్ అంటూ ఆపేశారు. సాక్షాత్తూ హైకోర్టు జడ్జి! మరో ఇద్దరు లాయర్లకూ అదే జరిగింది. అసెంబ్లీలో దుమారం రేగింది. అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ప్రభుత్వం ఆగస్టులోనే చట్టం చేసింది. పంచె గానీ, ఇంకే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకున్నారన్న ఒక్క కారణంతో బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోతే ఏడాది దాకా జైలు, రూ.25 వేల దాకా జరిమానా, లైసెన్సు రద్దు కూడా. క్లబ్బులు, మాల్స్, థియేటర్లు అన్నీ అందులోకి వస్తాయి.

2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో మేఘాలయకు చెందిన ఒక ఖాసీ మహిళ తమ సంప్రదాయ దుస్తులు జైన్‌సెమ్ వేసుకుని భోజనానికి కూర్చుంటే లేపి పంపేశారు. ఆ డ్రెస్ పనిమనిషి డ్రెస్‌లా ఉందన్నారని అప్పట్లో పెద్ద గొడవైంది. 2024 జులైలో బెంగళూరు మాగడి రోడ్డులోని ఒక మాల్‌కు కొడుకుతో కలిసి సినిమా చూద్దామని వచ్చిన హావేరి జిల్లా రైతును పంచె కట్టుకున్నాడని గేటు దగ్గరే నిలబెట్టేశారు. కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను వారం రోజులు మూసేయాలని ఆదేశించింది. అంతకుముందు 1988లో ముంబైలోని విల్లింగ్‌డన్ క్లబ్ చెప్పుల్లేవని ఎం.ఎఫ్. హుస్సేన్‌నే ఆపింది. ఆ తర్వాత మన హైదరాబాద్‌లోనే సినిమా ఘర్ కట్టుకున్న చిత్రకారుడు ఆయన.

వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. ఎక్కడా బట్టలు శుభ్రంగా లేవనో, ఒళ్లు కప్పలేదనో ఆపలేదు. రైతు ఒంటి మీద ఉన్నది తెల్ల చొక్కా, తెల్ల పంచె. గేటు దగ్గర చదివింది బట్టను కాదు, అది కట్టుకున్న మనిషి స్థాయిని.

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో తమిళనాడు లాంటి చట్టం లేదు. ఉన్నా కృష్ణానగర్ కుర్రాడికి పూర్తిగా పనికిరాదన్నది ఇంకో సంగతి. ఆ చట్టం కాపాడేది సంప్రదాయ దుస్తులను. రబ్బరు చెప్పులు, రంగు వెలిసిన ట్రాక్ ప్యాంటు సంప్రదాయం కాదు, బీదతనం. బీదతనం కారణంగా ఆపకూడదని ఏ సెక్షన్‌లోనూ నేరుగా రాసి లేదు.

పంచె మీద మన ప్రేమ తెర దాకేనా?

ఈ ఏరియాలో ఇది అడగక తప్పదు. అన్నపూర్ణ స్టూడియోస్ కట్టిన అక్కినేని నాగేశ్వరరావు పంచెకట్టులో ఎంత హుందాగా కనిపించేవారో మూడు తరాలకు తెలుసు. వైఎస్ రాజశేఖరరెడ్డి పంచెకట్టుతోనే ముఖ్యమంత్రిగా పనిచేశారు. వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి హోదాలో అయిదేళ్లు అదే డ్రెస్‌లో ఉన్నారు. 'సోగ్గాడే చిన్నినాయనా'లో నాగార్జున పంచె, 'పుష్ప'లో అల్లు అర్జున్ లుంగీ... థియేటర్లు ఊగిపోయాయి. తిరుమలలో ఆర్జిత సేవకు వెళ్లాలంటే మగవాళ్లకు పంచె గానీ, కుర్తా పైజమా గానీ ఉండాల్సిందే, ప్యాంటు, షర్టు వేసుకుంటే వెనక్కి పంపుతారు. అదే మనిషి అదే పంచెతో జూబ్లీహిల్స్‌లో క్యూ పట్టుకుందామని వెళ్తే?

'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' పాటకు ముందు సీన్ గుర్తు చేసుకోండి. దొరల పార్టీకి హీరోలిద్దరూ సూట్లు వేసుకునే వెళ్లారు. డ్రెస్ కోడ్ పక్కాగా పాటించారు. అయినా అవమానం తప్పలేదు. కించపరచాలనుకున్నవాడికి బట్ట ఒక సాకు మాత్రమే, అది లేకపోతే డాన్స్ రాదంటాడు.

అయితే రూల్ ఉండాలా, వద్దా?

ఉండాలి. కానీ టేబుల్ గురించి ఉండాలి, మనిషి గురించి కాదు. వేళ్లు కప్పే చెప్పులో, బూట్లో ఉండాలని పెట్టొచ్చు. లేనివాళ్లకు బౌలింగ్ ఆడే చోట ఇచ్చినట్టు కౌంటర్‌లో షూ అద్దెకు ఇస్తే ఆ గొడవే ఉండదు. బకిల్ బెల్టు, వాచీ, కడియం తీసి పెట్టుకోవడానికి ఒక ట్రే పెట్టొచ్చు. ఒంటి మీద చొక్కా ఉండాలనడం న్యాయమే. తాగి వచ్చినవాడిని, బూతులు తిట్టేవాడిని, ఆడపిల్లల్ని చూసి కామెంట్ చేసేవాడిని బయటకు పంపే హక్కు ఓనర్‌కు ఎప్పుడూ ఉంది, దానికి డ్రెస్ కోడ్ అడ్డం పెట్టుకోనక్కర్లేదు. నిజానికి అడ్డం పెట్టుకుంటేనే చిక్కు, ఎందుకంటే బ్రాండెడ్ షూ వేసుకున్న ఆకతాయిని ఆ రూల్ ఆపలేదు.

"డీసెంట్‌గా రావాలి" అని మాత్రం రాయకూడదు. డీసెంట్ అంటే ఏంటో గేటు దగ్గర నిలబడ్డ మనిషి తేల్చుకుంటాడు. అతనూ నెలజీతానికి పనిచేసేవాడే, ఓనర్ ఎవరిని చూసి మొహం చిట్లిస్తాడో అతనికి బాగా తెలుసు. రూల్ ఎంత గుండ్రంగా ఉంటే పక్షపాతానికి అంత చోటు. ఏం కూడదో పేరు పెట్టి రాయాలి. రాసింది కారులో వచ్చినవాడికీ, నడిచి వచ్చినవాడికీ ఒకేలా వర్తించాలి. హీరోగారి తమ్ముడు షార్ట్స్‌లో వస్తే కళ్లు మూసుకునే రూల్‌ను రూల్ అనలేం.

మిమ్మల్ని ఆపితే ఏం చేయొచ్చు?

ముందు అడగాల్సింది, రూల్ ఎక్కడ రాసి ఉందని. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి డబ్బు కట్టారు, బుకింగ్ పేజీలో డ్రెస్ గురించి ఒక్క ముక్క లేదు, తీరా వెళ్లాక వెనక్కి పంపారు, డబ్బూ ఇవ్వలేదు. అలాంటప్పుడు వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఫిర్యాదు చేయొచ్చు. ముందుగా జాతీయ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. రసీదు, బుకింగ్ మెసేజ్, గేటు మీద బోర్డు ఫొటో దాచుకోండి. అదే సమయంలో మీలాంటి డ్రెస్‌లోనే ఇంకొకరిని లోపలికి పంపి ఉంటే, ఆ సంగతి కూడా రాయండి. అన్నింటికంటే బలమైన పాయింట్ అదే. కులం పేరుతో గానీ, మతం పేరుతో గానీ మాట తూలితే మాత్రం అది కన్స్యూమర్ కేసు కాదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిన కేసు.

ఇక లుంగీ కట్టుకుని ఆడితే ఆటకు అడ్డం కాదా అనేవాళ్లకు జవాబు ఆట రూల్స్‌లోనే ఉంది. చొక్కా చేతులైనా, చున్నీ అయినా, టై అయినా, పంచె కొస అయినా ఒక్కటే. బంతికి తగిలిందంటే ఫౌల్. స్నూకర్‌లో అయితే అవతలివాడి ఖాతాలో కనీసం నాలుగు పాయింట్లు పడతాయి. పైకి ఎగ్గట్టి జాగ్రత్తగా ఆడుకోవడం కట్టుకున్నవాడి పని.